నూజివీడు తోటలో కాటుక సిరా

ఫిబ్రవరి ఆరో తేదీ, శుక్రవారం, బందరు.

బయల్దేరినవారు: నేను, వయసు డెబ్భై రెండు, నీటిపారుదల కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయినవాణ్ణి, నా చెల్లెలు సుభద్ర, నాకంటే ఆరేళ్లు చిన్న. అక్కడ మా కోసం చూస్తున్నవారు: సుభద్రతో బందరులో హైస్కూలు చదివిన రాజ్యలక్ష్మి, ఆమె మామిడితోటకు కాపలా ఉండే కోటయ్య, అతని భార్య నాగమణి.

డైరీలో ఆ రోజు పేజీ మీద ఉన్నది ఇంతే. మిగిలినది తిరిగొచ్చాక, అటువైపు పూతకాలంలో ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం కాస్త విప్పి రాస్తున్నాను.

ముందు వెళ్లిన పని చెప్పాలి. కోటయ్య, నాగమణి ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ తోటలోనే గుడిసె వేసుకుని ఉన్నారు. కోటయ్యకు మోకాళ్లు అరిగిపోయాయి. చింతలపూడిలో ఉన్న కూతురు తన ఇంటి పక్కనే ఒక గది కట్టించి రమ్మంటోంది. సోమవారం పొద్దున ఏడు గంటలకు సామాను బండి మాట్లాడుకున్నారు. వెళ్లేముందు ఏం కావాలో చెప్పమని రాజ్యలక్ష్మి అడిగితే నాగమణి చీర వద్దంది, బీరువా వద్దంది. గుడిసె పక్కనున్న నాటు మామిడి చెట్టు బొమ్మ, పూత మీద ఉండగానే, వేయించి ఇమ్మంది. సుభద్ర వేసిన బొమ్మ ఒకటి తోటలోనే ఉన్న రాజ్యలక్ష్మి ఇంటి హాల్లో ఉంది. ఇన్నేళ్లుగా దాని అద్దం తుడిచేది నాగమణే.

సుభద్ర వేసేది మన దగ్గర అందరూ వేసే రంగుల బొమ్మ కాదు. చైనాలోనూ జపాన్‌లోనూ వేసే సిరా కుంచె బొమ్మ. భర్త ఉద్యోగం వల్ల ఆమె పంతొమ్మిదేళ్లు కలకత్తాలో ఉంది. పై వాటాలో ఒక చైనా పళ్ల డాక్టరు కుటుంబం ఉండేది. ఆ డాక్టరు గారి భార్య దగ్గర నేర్చుకుంది. నల్ల సిరా, నీళ్లు, కుంచె, కాగితం, అంతే. ఒకసారి గీత పడితే చెరపడానికి లేదు, దిద్దడానికి లేదు. ఉద్యోగమంతా రబ్బరుతో చెరుపుతూ బతికినవాణ్ణి కాబట్టి ఈ విద్య మీద నాకు గౌరవం ఉంది, కొంచెం అనుమానమూ ఉంది.

బాపులపాడు: సంచి విప్పిన చోటు

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాలి. అక్కడ బాపులపాడు రోడ్డు మీద ఒక హోటల్లో టిఫిను చేశాం. పెసరట్టు ఉప్మా యాభై రూపాయలు. బందరులో మా వీధి చివర నలభై. కానీ ఇక్కడ అల్లప్పచ్చడి అడగకుండానే రెండోసారి వేశారు కాబట్టి పది రూపాయల తేడా గురించి నాకు ఫిర్యాదు లేదు.

బస్సు కుదుపులకు ఏమైనా విరిగిందేమోనని సుభద్ర టేబుల్ మీదే సంచి విప్పింది. ఎదురుగా కూర్చున్న తెల్లమీసాల రైతు ఒకాయన ఇడ్లీ నమలడం ఆపి చూశాడు.

"ఏంటమ్మా ఇది, సున్నం కుంచా?"

"బొమ్మలు వేసే కుంచండీ. మేక వెంట్రుకలు."

"మేకవా? ఎక్కడివి, గడ్డానివా తోకవా?"

"మెత్తగా ఉన్నచోటివి అనుకోండి."

ఆయన కుంచెను బుగ్గకు రాసుకుని చూసి, "ఈ సంగతి మా మేకలకు తెలిస్తే రేటు పెంచేస్తాయి" అన్నాడు.

ఆ తెల్ల కుంచె చివర నీళ్లలో తడిస్తే మల్లెమొగ్గలా ముడుచుకుంటుంది. మెత్తటి పూతకూ మబ్బుకూ అది. ఇంకొకటి ముంగిస లాంటి జంతువు తోక వెంట్రుకలది, గోధుమరంగు, బిరుసు. కొమ్మలకూ ముళ్లకూ అది. రెంటికీ పిడి వెదురే. సిరా సీసాలో ఉండదు. చాక్లెట్ బిళ్ల ఆకారంలో గట్టి కడ్డీగా ఉంటుంది, దాని మీద బంగారు రంగులో చైనా అక్షరాలు. అరచేతి పొడవున్న నల్లరాతి మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి, గంధం తీసినట్టు ఆ కడ్డీని అరగదీస్తే సిరా వస్తుంది. ఇక కాగితం. అది చెట్టు బెరడూ వరిగడ్డీ కలిపి చేసింది, పట్టుకుంటే ఉల్లిపొరలా ఉంటుంది. అందులో తడి ఇట్టే పాకుతుంది. నేను పనిచేసిన చోట సిరా పాకితే మెమో ఇచ్చేవారు. సుభద్ర బొమ్మకు ఆ పాకడమే ప్రాణం.

"వరిగడ్డితో కాగితమా!" అన్నాడు రైతు. "అయితే మా గేదెలు రోజూ పుస్తకాలే తింటున్నాయన్నమాట. పాలల్లో చదువేం కనపడలేదు మరి."

బిల్లు కట్టేటప్పుడు కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

తోట

నూజివీడు దాటి మైలవరం దారిలో పడ్డాక నేల రంగు మారుతుంది. మా వైపు నల్లరేగడి, ఉప్పుగాలి, ఎటు చూసినా బల్లపరుపు. ఇక్కడ ఎర్రమట్టి, రోడ్డు పైకీ కిందికీ లేస్తూ ఉంటుంది. రెండువైపులా మామిడితోటలే. పూత వాసనకు కొంచెం వగరు, కొంచెం తేనె. దాని వెంటే పురుగుమందు వాసన. మూడు రోజుల తర్వాత నా చొక్కాలకు ఈ రెండు వాసనలూ పట్టాయి, బందరు వచ్చి రెండుసార్లు ఉతికినా పోలేదు.

రాజ్యలక్ష్మి భర్త బాపులపాడు వైపున్న వరిచేలు చూసుకుంటారు. తోట పెత్తనం ఆవిడదే. స్ప్రేయరు మనుషులకు పని పురమాయిస్తూనే గేటు దగ్గరకు వచ్చింది.

"సుభద్రా, ఎంత చిక్కిపోయావే! అన్నయ్యగారూ, మీరు మాత్రం అలాగే ఉన్నారు. ఇంకా డైరీ రాస్తున్నారా?"

"రాస్తున్నానమ్మా."

"అయితే మా పప్పులో ఉప్పు తక్కువైతే అదీ రాసేస్తారన్నమాట."

ఉప్పు సరిపోయింది. పప్పు, గోంగూర, నిరుడు పెట్టిన మాగాయ, గడ్డపెరుగు. మామిడికాయలు లేని కాలంలో మామిడితోటలో భోజనం చేస్తే, తినేది నిరుటి కాయే. ఇక్కడివాళ్లకు అందులో వింతేమీ లేదు.

సాయంత్రం నాగమణి మమ్మల్ని చెట్టు దగ్గరకు తీసుకెళ్లింది. మిగతా చెట్లు వరసగా, ఒకే ఎత్తులో ఉంటే ఇది ఒక్కటే తోట వేయకముందునుంచీ ఉన్నది. వరసలో ఉండదు. మొదలు ఒకపక్కకు వంగి, నడుము ఎత్తులో ఒక పెద్ద బొడిపె. కొమ్మలన్నీ పూతతో పసుపు రాసినట్టున్నాయి.

"ఫోటో తీయించుకోకపోయావా నాగమణీ? క్షణంలో అయిపోయేది" అన్నాను.

"మా అల్లుడు ఇరవై తీశాడండీ. అన్నిట్లోనూ మోటారు షెడ్డు పడింది, నీళ్ల ట్యాంకు పడింది, నా తలకాయ పడింది. చెట్టు మాత్రం కనపడదు."

సుభద్ర నా వైపు తిరిగి, "విన్నావా?" అంది. ఆ ఒక్కమాటతో నాగమణి ఆమెకు నచ్చేసింది.

శనివారం: ఎండలో పెట్టిన సామాను

పొద్దున సుభద్ర చెట్టు కింద నులకమంచం మీద పలక వేసుకుని కూర్చుంది. కాగితం కింద మెత్తటి ఉన్నిగుడ్డ ఉండాలి. తను తెచ్చింది చిన్నదైపోతే కోటయ్య తన గొంగళి ఇచ్చాడు. అది దానికంటే బాగా పనిచేసింది. కాగితం ఎగరకుండా నా ఇత్తడి స్కేలు. మూడు కాగితాల మీద ఉత్త కొమ్మలు వేసి చేయి సర్దుకుంది. అసలు బొమ్మ సాయంత్రం ఎండ వాలాక అని చెప్పింది.

పన్నెండున్నరకు అందరం భోజనానికి లేచాం. అప్పుడు నేనొక పని చేశాను. బందరులో సముద్రపు చెమ్మకు ఏదైనా బూజు పడుతుంది. అందుకని మేము అన్నిటినీ ఎండబెడతాం: దుప్పట్లు, పప్పులు, పుస్తకాలు. ఆఫీసులో మ్యాపులు కూడా నెలకోసారి మేడ మీద పరిచేవాళ్లం. తడిసిన సామాను సంచిలో పెట్టడం నా చేత కాలేదు. రాయి, రెండు కుంచెలు, సిరా కడ్డీ, పెద్దది ముందు చిన్నది తర్వాతగా గుడిసె ముందున్న పిట్టగోడ మీద వరసగా పేర్చి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

కోతి వచ్చింది. రాయి వాసన చూసింది, వదిలేసింది. కుంచెతో చెవి గోక్కుంది, వదిలేసింది. బంగారు అక్షరాల కడ్డీని మాత్రం రెండు చేతులా పట్టుకుని కొరికింది.

నేను అరిచాను. కోటయ్య మంచం మీదనుంచి లేవకుండానే ఉండేలు తీశాడు. ఉండేలు రాయి పిట్టగోడకు తగిలింది. కోతి కడ్డీతో సహా కంచె దూకి పక్కతోటలోకి పోయింది. గోడ మీద మిగిలింది చింతగింజంత ముక్క.

నాగమణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. "మూతికి రంగేసుకుని పెళ్లికి పోతున్నట్టుంది చూడండి అయ్యగారూ!" అని, సుభద్ర ముఖం చూసి వెంటనే ఆపేసింది.

ఆ కడ్డీ కలకత్తానుంచి పోస్టులో తెప్పించుకున్నది, పద్దెనిమిది వందలు. రెండోది తేలేదు. సుభద్ర ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"అన్నయ్యా, ఎండబెట్టమని నిన్నెవరడిగారు?"

ఎవరూ అడగలేదు. డైరీలోనూ అలాగే రాశాను.

సోమవారం పొద్దున ఏడుకు బండి వస్తుంది. కుంచెలున్నాయి, రాయి ఉంది, కాగితం ఉంది, చెట్టు ఎదురుగా ఉంది. సిరా లేదు.

నూజివీడు బజారు

ఆటోలో బజారుకు వెళ్లాం. పుస్తకాల షాపులు మూడు తిరిగాం. ఫౌంటెన్ పెన్ను సిరా, స్టాంపు ప్యాడ్ సిరా, పోస్టర్ రంగులు ఉన్నాయి. మూడో షాపులో నేను ఉద్యోగమంతా వాడిన డ్రాయింగ్ సిరా సీసా ఒకటి దొరికింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సుభద్ర జేబురుమాలంత కాగితం తీసి, ఒక చుక్క పెట్టి, పక్కన నీటిచుక్క కలిపింది. నలుపు కదల్లేదు. అంచు కత్తితో కోసినట్టు నిలబడింది.

"ఇందులో లక్క ఉంటుంది అన్నయ్యా. ఆరితే కుంచె కర్రైపోతుంది. పైగా ఇది ఒక్కటే నలుపు."

షాపాయన నొచ్చుకున్నాడు. "నలుపంటే నలుపేగా మేడమ్?"

"నాకు అయిదు నలుపులు కావాలండీ. బొగ్గంత ముదురునుంచి పొగంత పలచన దాకా."

"అయిదు సీసాలు ఇమ్మంటారా?"

సుభద్ర ఆయనకు నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

ఇంక ఎటు వెళ్లాలో తెలియక నడుస్తుంటే వీణలు చేసే ఇల్లు ఒకటి కనపడింది. అరుగు మీద నా వయసాయన, పేరు సాంబయ్య, వీణ దండి మీద మెట్లు నిలబెడుతున్నాడు. మెట్లు కూర్చే మైనం నిగనిగలాడే నలుపు. సుభద్ర అక్కడే ఆగిపోయింది.

"మైనానికి ఈ నలుపు ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

"మసి కలుపుతామమ్మా. ఇప్పుడు పొడి కొంటున్నాం. మా నాయన ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి పట్టేవాడు, కాటుక పట్టినట్టే."

సుభద్ర నా చేయి గట్టిగా పట్టుకుంది. చైనా కడ్డీలో ఉన్నదీ అదేనట: దీపపు మసి, తోలును కాచి తీసిన జిగురు. వాళ్లు దాన్ని దంచి, అచ్చులో నొక్కి, ఏళ్లపాటు ఆరబెడతారు. మనకు ఆరబెట్టే తీరిక లేదు, ముద్దగా ఉన్నా చాలు. సాంబయ్య దగ్గర ఆ జిగురూ ఉంది. తేనెరంగు పలుకులు, పటికబెల్లంలా. నలభై రూపాయలకు గుప్పెడు ఇచ్చాడు. కోతి సంగతి విని, "కడ్డీతో సరిపెట్టుకుంది, నయం. మా దగ్గర వీణ తీగ బిగించే బిరడా ఎత్తుకుపోయింది ఒకటి. ఆ వీణ కొన్నవాడు ఇప్పటికీ కోతి నాకు బాకీ అంటాడు" అన్నాడు.

దారిలో తేగలు కొన్నాను, కట్ట ముప్పై రూపాయలు. మా వైపు ఉడికించినవి అమ్ముతారు. ఇక్కడ కాల్చి, నలుపు గీకి ఇస్తారు. కాల్చినవే రుచి. ఈ విషయంలో బందరు ఓడిపోయిందని ఒప్పుకుంటున్నాను.

కాటుక పళ్లేలు

తోటకు చేరగానే సుభద్ర నాగమణితో అన్నది ఇదొక్క మాటే: "నాగమణీ, కాటుక పట్టాలి. చాలా కావాలి."

నాగమణికి అంతకంటే వివరం అక్కర్లేకపోయింది. ముగ్గురు పిల్లలకూ, తర్వాత మనవలకూ, తోటలో పనికొచ్చే ఆడవాళ్ల పిల్లలకూ పట్టిన చేయి. ఏడు మట్టి ప్రమిదల్లో ఆముదం పోసి, గుడిసెలో గాలి తగలని మూల ఇటుకల మధ్య పెట్టి, ఒక్కోదాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించింది. మేము నిశ్చింతగా నిద్రపోయాం.

ఆదివారం ఎనిమిదింటికి చిన్న ఇత్తడి బరిణె తెచ్చి సుభద్ర చేతిలో పెట్టింది. మూత తీస్తే మెరిసే నలుపు, వెన్నలా నున్నగా. సుభద్ర చిటికెన వేలితో కొంచెం తీసి రాతి మీద నీటిచుక్కలో కలిపింది. అది కలవలేదు. చిన్న చిన్న గోళీలై పైన తేలింది. జిగురు నీళ్లు పోసినా అంతే.

"నాగమణీ, ఇందులో ఏం కలిపావు?"

"నెయ్యండీ. మంచి నెయ్యే, అమ్మగారింట్లో గేదె నెయ్యి."

నాగమణి మా ముఖాలు చూసి గ్రహించింది.

"కాటుకన్నారుగా! నెయ్యి వెయ్యకపోతే కళ్లల్లో గుచ్చుకోదా?" అని, మళ్లీ తనే, "కాయితానికి కళ్లుండవు కదూ" అంది. "నా బొమ్మ నేనే చెడగొట్టుకున్నానండీ."

"నువ్వేం చెడగొట్టలేదు" అంది సుభద్ర. "కాగితానికని నేను చెప్పలేదు. అంతకుముందు మా అన్నయ్య కోతికి పెట్టాడు. వరసలో నువ్వు మూడోదానివి."

నేను ఆ అంకె సరైనదేనని ఒప్పుకున్నాను.

ఇరవై మూడు గంటలున్నాయి. వెలుతురు లెక్కన చూస్తే తొమ్మిది. నాగమణి లేచి వెళ్లి చింతలపూడికి కట్టిన గోనెసంచుల మూటలు విప్పేసింది. ఒక్కో పళ్లెమూ బయటికి వచ్చింది. కోటయ్య గుమ్మంలో కూర్చుని, "నిన్న కట్టినవే! మళ్లీ ఎవరు కడతారే?" అంటే, "నువ్వే. మోకాళ్లు పోయాయి గానీ చేతులు పోలేదుగా" అంది. పద్నాలుగు దీపాలు వెలిగాయి. ఆముదం చాలక రాజ్యలక్ష్మి వంటింట్లోంచి నువ్వులనూనె కూడా తెచ్చింది.

పట్టపగలు తలుపు మూసుకుని ఆ వేడిలో సుభద్ర, నాగమణి, రాజ్యలక్ష్మి కూర్చున్నారు. మసి పట్టిన పళ్లేన్ని కోడి ఈకతో అరిటాకు మీదకు దులపడం, మళ్లీ బోర్లించడం. నన్ను లోపలికి రానివ్వలేదు. నేను ఊపిరి వదిలితే మసి ఎగిరిపోతుందట. బయటినుంచి మాటలు వినపడుతున్నాయి.

"అమ్మగారూ, మీ ముక్కు మీద మీసం వచ్చింది."

"నీకు గడ్డమే వచ్చింది, ముందది చూసుకో."

"సుభద్రమ్మగారూ, ఆ చైనావాళ్ల ఆడవాళ్లు కూడా ఇట్టాగే కూర్చుంటారా?"

"కూర్చుంటారు కాబోలు."

"మరి వాళ్లు నెయ్యి వెయ్యరా కళ్లకి?"

రెండు గంటలకు బయటికి వచ్చారు. ముగ్గురికీ ముఖాలు నల్లగా, కళ్లు ఎర్రగా. అరిటాకులో మసి గుప్పెడంత కనపడింది గానీ నొక్కితే ఒక చెంచాడు. గోరువెచ్చని నీళ్లలో కరిగించిన జిగురును చుక్కచుక్కగా పోస్తూ సుభద్ర నల్లరాతి మీద దాన్ని నూరింది. నలభై నిమిషాలు. గిన్నెలో నీళ్లు తీసుకుని అందులో ఒక చుక్క వదిలింది. నలుపు పొగలా మెలికలు తిరుగుతూ కిందికి దిగి, మెల్లగా అంతటా పరుచుకుంది.

"మునిగిందండోయ్!" అని నాగమణి కేకపెట్టింది.

తర్వాత తను ఊళ్లో నాలుగిళ్లవాళ్లకు వెళ్లొస్తామని చెప్పడానికి పోయింది. ముఖం కడుక్కోమని ఎవరూ గుర్తు చేయలేదు.

బొమ్మ

మూడూ ముప్పావుకు మొదలుపెట్టింది. పూతకాలంలో మామిడిచెట్టు కింద కూర్చుంటే పైనుంచి సన్నగా జిగట తుంపర పడుతుంది. పూతను పీల్చే పురుగులు వదిలే తేనెమంచు అది. అది పడినచోట కాగితం సిరాను తీసుకోదు. మొదటి కాగితం అలాగే పోయింది. రెండోదానికి కోటయ్య గొడుగు పట్టుకున్నాడు. మొదలు మరీ లావైందని సుభద్ర దాన్నీ పక్కన పెట్టింది. సిరా సగం అయిపోయింది.

మూడోది. గోధుమరంగు కుంచెను ముంచి, ఊపిరి బిగపట్టి, మొదలు అంతా ఒక్క ఊపులో లాగింది. బొడిపె దగ్గర కుంచెను నొక్కి తిప్పి వదిలింది. ఆమె చేయి మోచేతి దగ్గరనుంచి కదులుతుంది, వేళ్లు కదలవు. నా వృత్తిలో వేళ్లే కదిలేవి. తర్వాత తెల్ల కుంచెతో పూత. నీళ్లతో పలచన చేసిన సిరా, దాని కొనకు మాత్రం ముదురు. కాగితానికి ఆనించగానే చుక్క తనంతట తానే పాకి పూగుత్తి అయ్యేది. అయిదు నలుపులూ నేను లెక్కపెట్టగలిగాను.

"పూతకి నలుపేంటమ్మా?" అన్నాడు కోటయ్య మొదట. కాసేపాగి, గొడుగుతో సహా రెండడుగులు వెనక్కి వేసి చూసి, "ఇక్కణ్ణుంచి పసుపే కనపడుతోంది" అన్నాడు.

కాగితానికి కుడివైపు మూడోవంతు తెల్లగా వదిలేసింది. అయిదుంబావుకు కుంచె కడిగేసింది. బొమ్మ హాల్లో ఆరింది. నాగమణి ఊళ్లోంచి వచ్చేసరికి మేము భోజనాలకు కూర్చున్నాం. విప్పిన మూటలన్నీ తిరిగి కట్టుకోవాలని అటునుంచి అటే గుడిసెకు వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున

ఏడుకు రావలసిన బండి ఆరూ యాభైకే వచ్చింది. మంచాలు, గోనెసంచులు, మేకపిల్ల, గొంగళి ఎక్కాయి. సుభద్ర బొమ్మ తెచ్చి గుడిసె ముందు నేల మీద పలక వేసి పరిచింది.

నాగమణి చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది, కానీ ముట్టుకోలేదు. వంగి చాలాసేపు చూసింది.

"చెట్టు మాదేనండీ. ఈ బొడిపె మాదే. ఈ వంకర మాదే." ఇంకొంచెం చూసి, "తూర్పు కొమ్మేదండీ?" అంది.

ఆ కొమ్మ లేదని నేను ముందురోజే గమనించాను. కొలతల మనిషిని, గమనించకుండా ఎలా ఉంటాను? కోతి తర్వాత ఆ బొమ్మ విషయంలో మాట్లాడే హక్కు నాకు లేదనుకుని ఊరుకున్నాను.

"అక్కడ ఖాళీ వదిలానమ్మా" అంది సుభద్ర. "ఈ బొమ్మల్లో ఖాళీ కూడా బొమ్మే. గాలి ఆడటానికి చోటుండాలి."

"మీకు ఖాళీ అండీ. నాకు అక్కడ ఉయ్యాల." నాగమణి మామూలుగానే చెప్పింది. "ముగ్గురినీ ఆ కొమ్మకే చీర కట్టి పడుకోబెట్టి కోతకి పోయేదాన్ని."

కోటయ్య కసురుకున్నాడు. "ఊరుకోవే. పెద్దావిడ అంత కష్టపడితే వంకలా?"

"వంకెక్కడ పెట్టానయ్యా? లేదన్నాను, అంతేగా. బాగుందండీ, చాలా బాగుంది." అని కాగితం చివర జాగ్రత్తగా పట్టుకుని చుట్టబోయింది. బండి హారన్ మోగింది.

"ఉండు" అంది సుభద్ర.

పూర్తయిన బొమ్మను మళ్లీ ముట్టుకోకూడదన్నది కలకత్తా గురువుగారి మొదటి నియమం. సుభద్ర దాన్ని ఎన్నడూ తప్పలేదు. ఆమె చెట్టువైపు చూసింది. తూర్పు కొమ్మ గుడిసె కప్పు మీదుగా అడ్డంగా చాచుకుని, నిండా పూతతో ఉంది. కాగితం వైపు చూసింది.

"అన్నయ్యా, రాయి తియ్యి."

అన్నీ సంచి అడుగున సర్దేశాను. మొత్తం గుమ్మరించాను. రాతి గుంటలో సిరా అడుగంటి ఎండిపోయి ఉంది. నాలుగు చుక్కల నీళ్లు పోసి సుభద్ర వేలితో నూరింది. డ్రైవరు దిగివచ్చి, "ఇంకెంతసేపండీ? చింతలపూడి వెళ్లి మళ్లీ లోడుకి రావాలి" అన్నాడు. తర్వాత తనూ వంగి చూశాడు.

"నాగమణీ, చూపించు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి?"

నాగమణి కాగితానికి తగలకుండా బెత్తెడు పైన వేలు పెట్టి, మొదలునుంచి కుడివైపుకు గాల్లో గీసింది. సుభద్ర కుంచె ఆ వేలి వెనకే వెళ్లింది. ఒక్క గీత. సగం దూరం పోయాక సిరా తగ్గి, వెంట్రుకలు విడిపోయి, గీత మధ్యలో తెల్లటి చారలు పడ్డాయి. అచ్చం ముదురు బెరడులా వచ్చింది. అది అలా రావాలని కొందరు ఏళ్లు సాధన చేస్తారని సుభద్ర తర్వాత చెప్పింది. ఆ పూట మాత్రం సిరా లేక వచ్చింది.

"సరిపోయిందా?"

నాగమణి తల పక్కకు వంచి చూసింది. "ఇంకొంచెం కిందకి వంగేదండీ, అప్పట్లో." చెట్టు మీది కొమ్మ వైపు చూసింది. "ఇప్పుడు పిల్లల్లేరుగా. ఇట్టాగే ఉంది. ఇదే మా కొమ్మ."

గీత తడిగా ఉంది, చుట్టడానికి లేదు. అరగంట ఆరనివ్వాలని సుభద్ర అంటే డ్రైవరు తల పట్టుకున్నాడు. నాగమణి ఎవరినీ అడగలేదు. బండి వెనక గోనెసంచుల మీద ఎక్కి కూర్చుంది. కోటయ్యను పక్కన కూర్చోబెట్టి కాగితం ఒక చివర అతనికిచ్చింది, రెండోది తను పట్టుకుంది.

"ఆరేదాకా చుట్టకండి!" అని సుభద్ర కేకవేసింది.

"చింతలపూడి దాకా ఇట్టాగే పట్టుకుంటానండీ."

రాజ్యలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ, "పైన తేనెమంచు పడుతుందే, గొడుగు!" అని గొడుగు అందించింది. పట్టుకోవడానికి ఇద్దరికీ చేతులు ఖాళీ లేవు. గొడుగు మేకపిల్ల పక్కన పడింది.

అంతసేపు హారన్ కొట్టిన డ్రైవరే ఆ గతుకుల దారిలో బండిని మనిషి నడిచే వేగంతో పోనిచ్చాడు. ఏడూ నలభై రెండుకు గేటు దాటారు. చెట్ల వరసల మధ్య, బండి మీద, ఇద్దరూ చెరో వైపు గట్టిగా పట్టుకున్న ఆ తెల్ల కాగితం నిటారుగా ఉంది.